కోరల కావలి

తోబా సరస్సు ఒడ్డున బతక్ జాతివాళ్ళు ఉండే ఊళ్ళో జోంగికి తొమ్మిది రోజులుగా నిద్ర లేదు. అతను చెక్కిన కావలిబొమ్మ ఊరి ద్వారం దగ్గర నిలబడే ఉంది. దాని రొమ్ములో తొలిచిన గుంట మాత్రం ఖాళీ. అందులో గురువు రొంగ్గూర్ మంత్రించిన మందుముద్ద పెడితేనే బొమ్మకు ప్రాణం. అంతదాకా వట్టి కట్టె. అవతలి కొండవాళ్ళు చూస్తే పగబట్టి ఉన్నారు, ఏ పూట మీదపడతారో తెలీదు.

అయినా అలాంటిలాంటి బొమ్మా అది! పనసమానులోంచి ఒక్క బాడిసెతో లేపాడు. ఒక్కో కోర మూరెడు. కళ్ళు చెక్కిన రోజున సరస్సులో చేపలు అడుక్కి పోయి వారందాకా పైకి రాలేదు. దారితప్పి వచ్చిన పులి ఒకటి దణ్ణం పెట్టి మరీ వెనక్కి తిరిగింది.

జోంగి గురువు దగ్గరికెళ్ళి అడిగాడు. "తాతా, ఏం తక్కువైంది? కోరలు ఇంకో బెత్తెడు పెంచనా?"

"మూతి బరువుకి బోర్లా పడుద్దిరా."

"మరి గుంట నింపవేం?"

ముసలాయన మందుకుండ చంకన పెట్టుకుని లేచాడు. "పద."

జోంగి ఎగిరి గంతేశాడు. కానీ గురువు ద్వారం వైపు పోలేదు. ఇళ్ళ వెనక్కి వెళ్ళి, వెదురుకంచె ముందు చతికిలబడ్డాడు. పాము కూడా పక్కకి ఒత్తిగిలి దూరాల్సిన కంచె అది. ఇక్కడేం పని? జోంగికి అంతుబట్టలేదు.

ఇంతలో వెదుళ్ళు కదిలాయి. తియుర్ అవ్వ నీళ్ళకుండతో వంగి లోపలికొచ్చింది. వెనకాల ఇద్దరు కోడళ్ళు. వాళ్ళ వెనక ఒక దున్నపోతు.

"అవ్వా! ద్వారం ఉండగా ఇటేంటి?"

"అక్కడ నీ బొమ్మ ఉందిగా నాయనా. దాన్ని చూసి రెండు కుండలు జారవిడిచా. నా మనవరాలికింకా దడుపుజ్వరం దిగలేదు. ఊరంతా ఇటే నడుస్తోంది. ఈ వెదుళ్ళు నరికింది నేనే."

జోంగి ఆ సందులోంచి తొంగిచూశాడు. ఎదురుగా అవతలి కొండ.

"వాళ్ళకి నీ బొమ్మంటే భయమేనా?" అన్నాడు గురువు.

"చచ్చేంత భయం తాతా!"

"అయితే వాళ్ళూ ఇటే వస్తారు."

"నువ్వు జడవకుండా దాటేదాకా ఆ కోరలు చెక్కేస్తా, రా అవ్వా," అన్నాడు జోంగి. మొలలోని బాడిసె ఒక చేత్తో, అవ్వ నీళ్ళకుండ ఇంకో చేత్తో పట్టుకుని ద్వారం వైపు నడిచాడు. పదడుగుల వెనకగా, గొణుక్కుంటూ, అవ్వ.