చెంచాల పెట్టె

అనగా అనగా, బల్లులకు నోరుండి మనుషులకు తీరిక లేని కాలంలో, నాగావళి ఒడ్డున ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో సన్యాసయ్య హార్మోనియం వాయించేవాడు. అతడి ప్రాణస్నేహితుడు అప్పలకొండ పాటగాడు. ఒకరు వాయిస్తే ఒకరు పాడేవారు.

ఒకనాడు నిండు సభలో పాట ఎక్కడో బెసికింది. "నీ శ్రుతి తప్పింది!" అన్నాడు సన్యాసయ్య, అందరూ వినేలా. అప్పలకొండ కండువా దులుపుకొని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

ఇంట్లో సన్యాసయ్య, గోడ మీద ఒక బల్లి మిగిలారు. పొయ్యి మీద ఎసరు మరిగితే ఆ చప్పుడే పెద్దగా వినిపించేది. అలవాటు చొప్పున రెండు గ్లాసుల టీ కాచి, ఒకటి చల్లారాక పారబోసేవాడు. అయినా బింకం పోలేదు.

"ఇంకో మనిషితో పనిలేని వాయిద్యం చేస్తాను" అనుకున్నాడు. పాడైన రేడియోలోంచి స్పీకరు ఊడదీశాడు. గోరంత మైక్రోకంట్రోలరు తెచ్చి, ఏది తాకితే ఏ స్వరం పలకాలో దానికి ప్రోగ్రాం రాసిపెట్టాడు. చెక్కపెట్టె మీద ఏడు స్వరాలకు ఏడు చెంచాలు బిగించాడు. చివరికి ఒక నల్ల తీగ మిగిలింది. అది వాయించేవాడి ఒంటికి తగలాలి. అప్పుడే కరెంటు చుట్టు తిరిగి వస్తుంది, పెట్టె పలుకుతుంది. బ్యాటరీ కరెంటే కాబట్టి చీమ కుట్టినంత కూడా తెలియదు.

ఆ తీగను కాలి బొటనవేలికి చుట్టుకొని చెంచా తాకాడు. "సా" అంది పెట్టె.

రాగమంతా వాయించి తలెత్తాడు. భలే అనడానికి ఎవరూ లేరు. అతడికి ఏడుపొచ్చినంత పనైంది.

మాట పూర్తవుతుండగా బల్లి పలికితే ఆ మాట సత్యమని ఆ ఊరి నమ్మకం. సన్యాసయ్య గోడకేసి చూశాడు.

"నాకిక ఎవరూ అక్కర్లేదు."

బల్లి పలకలేదు.

"ఆనాడు శ్రుతి తప్పింది అప్పలకొండే."

బల్లి పలకలేదు. సన్యాసయ్యకు అనుమానం పుట్టింది. పాత హార్మోనియం దించి, ఒక్కో మెట్టూ నొక్కి పెట్టెతో పోల్చి చూశాడు. పంచమం దగ్గర రెండూ కలవలేదు. పెట్టెలోది లెక్క కట్టి పెట్టిన స్వరం, అది జారదు. జారింది హార్మోనియమే.

"వాడు లేక నాకు దిగులుగా ఉంది" అన్నాడు నేల చూపులు చూస్తూ.

"ట్చ్ ట్చ్ ట్చ్!" అంది బల్లి. "ఆ మాట నాతో అంటే ఏం లాభం? నడు!" అని గద్దించింది.

సన్యాసయ్య పెట్టె చంకన పెట్టుకొని వెళ్ళేసరికి, అప్పలకొండ అరుగు మీద ముఖం తిప్పుకొని కూర్చున్నాడు.

"ఏటిది?"

"ఈ నల్ల తీగ పట్టుకోరా."

పట్టుకున్నాడు. సన్యాసయ్య ఒక చేత్తో చెంచా తాకాడు. పెట్టె పలకలేదు.

"పనికిమాలిన పెట్టొకటి తెచ్చావు" అన్నాడు అప్పలకొండ.

"తప్పింది నా హార్మోనియంరా. నింద నీ మీద వేశాను" అంటూ సన్యాసయ్య రెండో చెయ్యి చాపాడు.

అప్పలకొండ ఆ చేతిని చాలాసేపు చూశాడు. చూసి చూసి పట్టుకున్నాడు.

"సా" అంది పెట్టె.

కళ్ళు తుడుచుకుందామంటే అప్పలకొండకు రెండు చేతులూ ఖాళీ లేవు. "నీ పెట్టె గొంతు బొంగురురా" అన్నాడు. ఆ బొంగురు గొంతుకే శ్రుతి కలిపి పాట ఎత్తుకున్నాడు.

అందుకే పిల్లలూ, తప్పు ఒప్పుకొని ముందుగా చెయ్యి చాపినవాడు ఎన్నడూ చిన్నవాడు కాడు.