ఆజ్ఞ లేని ఊపిరి

ఒకానొక రాజ్యంలో ఆకు రాలడం నేరమైంది. నవ్వకండి, నిజంగానే అయింది. ఆ రాజ్యం పేరు పొన్నగిరి. ఏలే ప్రభువు విక్రాంతదేవ మహారాజు. ఆయన బిరుదులు పూర్తిగా చదవాలంటే భట్రాజుకి మధ్యలో రెండుసార్లు మంచినీళ్లు కావలసి వచ్చేవి.

ఆ ఏడు కార్తీకంలో మహారాణి కనకాంబిక కాలం చేసింది. అంతఃపురం వాకిట్లో ఆమె తన చేత్తో నాటిన కానుగ చెట్టు ఒకటుంది. మాఘం వచ్చేసరికి దాని ఆకులు పండి రాలడం మొదలైంది. రాజు కిటికీలోంచి చూశాడు.

"మా ఆజ్ఞ లేనిదే ఈ చెట్టు నుంచి ఒక్క ఆకు కూడా రాలకూడదు," అన్నాడు.

రాజు మాటకు ఎదురేముంది! ఊళ్లో పూలదండలు కట్టేవాళ్లందరినీ పిలిపించారు. వాళ్లు నిచ్చెనలు వేసుకుని, పండిన ఆకునల్లా అరటినారతో కొమ్మకి కట్టారు. చేయితిరిగిన వాళ్లాయె, ముళ్లు బిగువుగా పడ్డాయి. చిగురు రావలసిన కణుపులు కాస్తా నార కింద నలిగిపోయాయి. ఫాల్గుణం వచ్చినా చెట్టు పసుపుపచ్చగా, గలగలమంటూ, చావలేక బతకలేక నిలబడింది.

ఆ కొలువులో కూచన్న అనే విదూషకుడు ఉండేవాడు. ముప్పై ఏళ్లుగా సభను నవ్విస్తున్నవాడు. రాణిగారికంటే ముందే, ఆషాఢంలో, అతని భార్య పర్వతమ్మ పోయింది. ఆ సంగతి కొలువులో అందరికీ తెలుసు. కానీ నవ్వించేవాడి ఇంట్లో దుఃఖం ఉంటుందని ఎవరికీ తోచలేదు. పగలంతా వందమందిని నవ్వించి ఇంటికి బయల్దేరితే, ఆ వందమందిలో ఒక్కరూ వెంట వచ్చేవారు కాదు. గొళ్లెం చప్పుడు విని "వచ్చావా?" అనే మనిషి లేదు. ఒక్కడే వండుకుని, ఒక్కడే తిని, ఆ ఒక్క కంచమే కడుక్కునేవాడు.

వంటింటి అటక మీద ఒక చిన్న జాడీ ఉంది. పోయిన వైశాఖంలో పర్వతమ్మ పెట్టిన ఆవకాయ అది. ఆమె పోయాక కూచన్న దాని మూతికి కట్టిన వాసెనగుడ్డ విప్పలేదు. తింటే అయిపోతుంది. అయిపోతే ఆమె చేతి రుచి ఇక ఈ లోకంలో ఉండదు. అందుకని రోజూ కింద నుంచి జాడీని చూసుకుంటూ మజ్జిగన్నం తినేవాడు.

పర్వతమ్మకి ఒక అలవాటుండేది. ఏ పనైనా అయ్యాక చేతులు తుడుచుకుని, "మల్లన్నా, నా చేతనైంది ఇంతే, ఇక నీదే భారం," అనేది. "మల్లన్న మీ పుట్టింటి పాలేరా, అన్నీ ఆయన నెత్తిన పెడతావు?" అని కూచన్న ఎగతాళి పట్టించేవాడు. ఇప్పుడు ఎగతాళి చేద్దామన్నా ఎవరూ లేరు.

ఫాల్గుణంలో ఒక పొద్దున గాలి రేగింది. నార తెగి ఆకులు కొన్ని రాలాయి. భటులు తోటమాలి ఓబయ్యను సభకు లాక్కొచ్చారు. డెబ్భై ఏళ్ల ముసలాడు రెండు చేతులూ జోడించాడు.

"ఎన్ని ఆకులు రాలితే అన్ని కొరడా దెబ్బలు," అన్నాడు రాజు.

"దొరా, నీళ్లు పోయమంటే పోత్తాను. పాదు తవ్వమంటే తవ్వుతాను. రాలమాకే అంటే సెట్టు నా మాట ఇంటదా?" అన్నాడు ఓబయ్య.

"శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు. పొన్నగిరిలో మా ఆజ్ఞ లేనిదే ఆకైనా రాలదు!" అని రాజు మీసం దువ్వాడు. సభ మొత్తం తల ఊపింది.

కూచన్న లేచి చేతులు కట్టుకున్నాడు.

"చిన్న సందేహం, ప్రభూ. తమ ఒళ్లు పొన్నగిరిలోదేనా, పరాయి రాజ్యంలోదా?"

"పొన్నగిరిలోదే!"

"అయితే అందులో ఆడే ఊపిరి కూడా తమ ఆజ్ఞతోనే ఆడుతోందన్నమాట."

"నిస్సందేహంగా!"

"కళ్లారా చూసే భాగ్యం ప్రసాదించండి. తమరు చూపుడువేలు ఎత్తితే ఊపిరి లోపలికి రావాలి, దించితే బయటికి పోవాలి. పొద్దుగూకే దాకా ఒక్క ఊపిరి కూడా ఆజ్ఞ లేకుండా ఆడకపోతే, ఓబయ్య తినే దెబ్బలు నేను తింటాను. ఆడిందా, అతన్ని వదిలేయాలి."

రాజు సవాలుకు వెనకాడే రకం కాదు. వెంటనే వేలు ఎత్తాడు, దించాడు. మొదటి గడియ దివ్యంగా గడిచింది. రెండో గడియలో మంత్రి ఏదో పత్రం చదివాడు. రాజు చెవులు పత్రం మీద, కళ్లు వేలి మీద. ఒక్క ముక్క అర్థం కాలేదు. అంతలో వంటవాడు వచ్చి, "ప్రభూ, మధ్యాహ్నానికి కాకరకాయ చేయమంటారా?" అన్నాడు. సరిగ్గా అప్పుడే వేలు పైకి లేచింది. "చిత్తం!" అని వంటవాడు వెళ్లిపోయాడు.

రాజుకి కాకరకాయ అంటే పరమ అసహ్యం. కాకరకాయ వేపుడు, కాకరకాయ పులుసు, కాకరకాయ కారం వచ్చి ముందు కూర్చున్నాయి. కుడిచేత్తో ముద్ద, ఎడమచేత్తో ఆజ్ఞ. చివరికి గడ్డపెరుగు కలుపుకుని ఎలాగో భోజనం ముగించి రాజు ఊయల బల్ల మీద ఒరిగాడు. కూచన్న ఎదురుగా పీట వేసుకున్నాడు. వేలు లేచింది, దిగింది. మళ్లీ లేచింది. తర్వాత సగం లేచింది. ఆ తర్వాత మెల్లగా వాలిపోయింది.

కూచన్న గెలిచాడు. లేపి ఆ మాట చెప్పొచ్చు. కానీ లేపబుద్ధి కాలేదు. నిద్రలో ఆ ముఖం మీద బిరుదు ఒక్కటీ లేదు. మీసం నెరిసి ఉంది. ఊయల బల్ల మీద ఒక పక్కకే ఒదిగి, ఇంకో మనిషికి చోటు వదిలి పడుకున్నాడు రాజు. కూచన్న కూడా ఇంట్లో అలాగే పడుకుంటాడు. మంచంలో సగం ఇప్పటికీ పర్వతమ్మదే.

రాజు గుండె మీద ఉత్తరీయం నెమ్మదిగా లేస్తోంది, దిగుతోంది. ఎవరూ వేలెత్తడం లేదు. దాన్ని చూస్తూ ఉంటే కూచన్నకు భార్య మల్లన్నతో అనే మాట గుర్తొచ్చింది. 'ఇన్నాళ్లూ నేను ఎగతాళి చేసింది ఈ ఊపిరిని నడిపేవాణ్ణేనా!' అనుకున్నాడు.

రాజు ఉలిక్కిపడి లేచాడు. "వేలు?"

"గడియ నుంచి విశ్రాంతిలో ఉంది, ప్రభూ."

"మరి ఊపిరి?"

"అది మాత్రం పని మానలేదు. తమరు ఆదమరిచినప్పుడు ఈ ఒంటిని చూసుకున్నవాడే ఆ చెట్టునీ చూసుకుంటాడు. మనం నార విప్పితే చాలు."

కోపం వస్తుందనుకున్నాడు. రాలేదు. రాజు గొంతు మాత్రం చిన్నదైంది.

"మరి రాణి ఊపిరిని ఎందుకు చూసుకోలేదు, కూచన్నా? ఏడుగురు వైద్యుల్ని పెట్టాను. ఆగొద్దని ఆజ్ఞాపించాను. ఆమె చెవి దగ్గర నోరు పెట్టి ఆజ్ఞాపించాను."

కూచన్నకి చమత్కారమేమీ తోచలేదు. ఉన్నమాట చెప్పాడు.

"నాకు తెలియదు, ప్రభూ. ఆషాఢం నుంచి నేనూ అదే అడుగుతున్నాను. జవాబు రాలేదు. కానీ అడిగి అడిగి అలిసి నిద్రపోయిన ప్రతిసారీ నన్ను మళ్లీ తెల్లారేదాకా ఎవరో మోసుకొస్తూనే ఉన్నారు. జవాబు చెప్పకపోయినా, వదిలేసి పోయినవాడైతే కాదు."

అప్పుడు వంటవాడు తలుపు దగ్గరికొచ్చి, "ప్రభూ, రాత్రికీ కాకరకాయేనా?" అన్నాడు.

రాజు వాడి వంక చూశాడు. తన వేలి వంక చూసుకున్నాడు. పకపకా నవ్వాడు. కార్తీకం నుంచి ఆ గోడలు వినని నవ్వు అది. నవ్వుతూనే వాకిట్లోకి నడిచి, అందిన కొమ్మకున్న నారముడి తానే విప్పాడు. తర్వాత ఓబయ్య విప్పాడు, భటులు విప్పారు. పొద్దుగూకేసరికి రాణిగారి చెట్టు చుట్టూ మోకాలెత్తున ఆకులు రాలాయి.

"కోరుకో కూచన్నా! అగ్రహారమా, పల్లకీయా?"

"రేపు మధ్యాహ్నం మా ఇంట్లో భోంచేయండి, ప్రభూ. ఒక్కణ్ణే విప్పలేని ముడి ఒకటి మా అటక మీదా ఉంది."

మర్నాడు వాసెనగుడ్డ విప్పితే పైపైన బూజు పట్టి ఉంది. కూచన్న గరిటెతో తీసి పారేస్తే అడుగున నూనెలో మిగిలిన కాసిని ముక్కలు ఎర్రగా, గట్టిగా ఉన్నాయి. మరో నెల ఆలస్యమైతే అవీ దక్కేవి కావు. ఇద్దరూ ముక్కులు ఎగబీలుస్తూ, కారం అని చెప్పుకుంటూ, జాడీ ఖాళీ అయ్యేదాకా తిన్నారు.

కూచన్న జాడీ కడిగి ఎండలో బోర్లించాడు. చేతులు తుడుచుకుంటూ, తనకు తెలియకుండానే, "మల్లన్నా, నా చేతనైంది ఇంతే, ఇక నీదే భారం," అన్నాడు.

అరుగు మీద తాంబూలం వేసుకుంటున్న రాజు తలెత్తాడు.

"అన్నీ ఆయన నెత్తిన పెట్టేస్తున్నావేం? మల్లన్న ఏమైనా మీ ఇంటి పాలేరా?"

ముప్పై ఏళ్లు రాజును నవ్వించిన కూచన్న, ఆ మాటకు ఖాళీ జాడీ పక్కనే చతికిలబడి, కళ్లనీళ్లు కారేదాకా నవ్వాడు.

ఆ ఉగాదికి కానుగ నిండా చిగిర్చింది. రాజు ఆ ఒక్కపూట భోజనంతో సరిపెట్టలేదు. ప్రతి సోమవారం మధ్యాహ్నం కూచన్న ఇంట రెండు కంచాలు కడిగేవారని పొన్నగిరి ముసలివాళ్లు చెప్పుకునేవారు.