మూడో గూటి చీటీ

ఉదయం ఆరూ నలభైకి సింహాచలం గూళ్లు కడగడం మొదలుపెట్టాడు. మందుల ప్రయోగశాలలో అది ప్రతి బుధవారం ఉండే పని. కుందేళ్లను నేల మీద వదులుతాడు. కడగడం అయ్యాక ఏది ఏ గూటి ముందు కూర్చుంటే దాన్ని అందులోకి ఎక్కిస్తాడు. చెవికున్న నంబరు చూసే అలవాటు లేదు.

రెండో గూటి దూదయ్యకు పది రోజుల కిందట ఆపరేషన్ అయింది. రొమ్ము మీద బొచ్చు గొరిగి, పొట్టలో చిన్న పెట్టె, దాన్నుంచి గుండె దాకా రెండు తీగలు పెట్టారు. గూటి కింది పలక ఆ గుండె చప్పుడును పట్టి తెర మీదికి పంపుతుంది. త్వరగా కోలుకోవాలని దూదయ్యకు రోజూ కొత్తిమీర, క్యారెట్ ముక్కలు పెడుతున్నారు.

మూడో గూటి తుర్రప్పకు ఎండుగడ్డే. పైగా ఇక కత్తి తన మీదికేనని వణుకు. అందుకే దూదయ్యలా కనిపించాలని రెండు రోజులుగా రొమ్ము మీద బొచ్చు పీక్కుంటున్నాడు.

నేల మీదికి వదలగానే తుర్రప్ప దూదయ్య పక్కకు చేరాడు. "దూదన్నా, నీ గూటి పక్క కిటికీ చలిగాలి నీ కుట్లకు మంచిదేనా? నా గూట్లోకి వెళ్లు. చలి నేను భరిస్తాలే."

"నీకెందుకురా శ్రమ?"

"తమ్ముణ్ణి కానా!"

పై అరలోంచి ముసలి ఎలుక మీసాలమ్మ తొంగిచూసింది. "ఒరేయ్ తుర్రప్పా, ఆ బోడి రొమ్మేమిట్రా?"

"ఉక్కపోత, పిన్నీ."

"ఇప్పుడే కదరా చలన్నావు?"

తుర్రప్ప గబగబా వెళ్లి రెండో గూటి ముందు కూర్చున్నాడు; దూదయ్య మూడోదాని ముందుకు చేరాడు. సింహాచలం ఎక్కించగానే కొత్తిమీర మీద పడ్డాడు.

తొమ్మిదింటికి డాక్టరమ్మ తెర చూసింది. "ఏమిటిది, గీత కదలడం లేదు!"

"శుభ్రంగా మేస్తోందమ్మా," అన్నాడు సింహాచలం.

"అయితే లోపల తీగ ఊడి ఉంటుంది. బల్ల మీదికి తీసుకురా. మళ్లీ తెరవాలి."

"నేను దూదయ్యను కాను తల్లీ! తుర్రప్పను!" అని తుర్రప్ప కాళ్లు తన్నుకున్నాడు. కుందేటి భాష ఆవిడకు రాదు.

బోడి రొమ్ము చూసి దూదయ్యే అనుకుని, మత్తిచ్చి తెరిచారు. లోపల తీగా లేదు, పెట్టే లేదు. అప్పుడు చూశారు చెవి నంబరు. డాక్టరమ్మ సింహాచలం వైపు ఒక చూపు చూసి, ఎలాగూ కోశాం కదా అని కొత్త పెట్టె, తీగలు అమర్చి కుట్టేసింది.

సాయంత్రం తుర్రప్ప మూలుగుతూ కళ్లు తెరిచాడు. ముందు కొత్తిమీర ఉంది. తినబుద్ధి కాలేదు.

"పక్కగూటి మేత చూసినవాడు, అది ఎందుకు పెడుతున్నారో కూడా చూడాలి," అంది మీసాలమ్మ.

నాలుగు రోజుల తర్వాత సింహాచలం మూడో గూటికి కట్టి ఉన్న తుర్రప్ప పాత చీటీ విప్పుతూ పైకి చదివాడు: "పోలిక కోసం మాత్రమే. ఆపరేషన్ వద్దు."