తీపి పాలు పొంగిన బర్నరు

ప్రెసిడెంటు పట్టాభిరామయ్య చేత డాక్టరు తీపి మాన్పించాడు. ఆయనింట్లో వంటపని గవరమ్మది. ఒకరోజు పొద్దున్నే ఆమె టీ పెట్టబోతే, పొయ్యి మీద చిన్న బర్నరు టకటకమంది గానీ వెలగలేదు.

"కొత్త పొయ్యి తగలేశావు! రేపట్నుంచి పనిలోకి రాకు," అని కేకలేశాడు ప్రెసిడెంటు.

ఆ పనే గవరమ్మ ఇంటికి ఆధారం. అయినా బెదరకుండా గ్యాసు కట్టేసి, బర్నరు తీసి చూసింది. చిల్లుల నిండా మాడిన జిగురు! ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"వెళ్తానయ్యా. ఇది మాత్రం అమ్మగారికి చూపించి వెళ్తాను."

"ఎందుకూ?"

"పంచదార పాలు పొంగి ఇందులో మాడాయి. నిన్న నాకు సెలవు, అమ్మగారేమో పెళ్లికి వెళ్లారు. పాలు కాచిందెవరో ఆవిడే తేలుస్తారు."

ప్రెసిడెంటు ముఖం పాలిపోయింది. ఆయన్ని చూస్తే గవరమ్మకు జాలేసింది. పిన్నీసుతో చిల్లులు పొడిచి, కడిగి, తడి లేకుండా తుడిచి, బర్నరు సరిగ్గా కూర్చోబెట్టింది. ఈసారి టక్కుమనగానే మంట లేచింది.

"ఏమిటండీ ఆ కేకలు?" అంటూ ఆయన భార్య వచ్చింది.

"ఏం లేదే. గవరమ్మ లేకపోతే మనింట్లో పొయ్యి వెలగదని చెబుతున్నా," అన్నాడాయన.

గవరమ్మ నవ్వాపుకుని ఆయనకు పంచదార లేని టీ అందించింది.