పొగడచెట్టు అడిగిన నలభై రోజులు

సింగవనం రాజు మాణిక్యభూపతికి భోజనం కాగానే మేడ ముందున్న రాతి అరుగు మీద కూర్చుని తాంబూలం వేసుకునే అలవాటు. రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం అలా కూర్చుని ఉంటే, ఎండకి ఆయన బట్టతల తోమిన ఇత్తడి చెంబులా మెరిసిందట. కిటికీలోంచి చూసిన రాణిగారు ఆపుకోలేక నవ్వేసింది. రాజుగారికి పౌరుషం వచ్చింది. రేపటికల్లా అరుగు మీద నీడ పడాలన్నాడు.

నీడ పడాలంటే చెట్టు ఉండాలి కదా. దూరంగా పళ్లతోటలో ఏడేళ్ల పొగడచెట్టు ఒకటి గుబురుగా ఎదిగి ఉంది. దాన్ని తెచ్చి అరుగు పక్కన నాటమని తోటమాలి కోనప్పకు కబురు వెళ్లింది.

ఆ చెట్టును గింజ వేసిన నాటి నుంచీ కడవతో నీళ్లు మోసి పెంచింది అతనే. పిల్లల్లేని మనిషి, దాని మొదట్లో కూర్చుని కష్టసుఖాలు కూడా చెప్పుకునేవాడు. ఈ ఎండల్లో పీకితే అది బతకదని అతనికి బాగా తెలుసు.

సభకు వెళ్లి చేతులు కట్టుకుని నలభై రోజులు గడువు అడిగాడు. ఇవాళ ఒక పక్క వేర్లు కోస్తానని, ఇరవై రోజులాగి రెండో పక్క కోస్తానని, ఈలోగా పిల్లవేర్లు పుట్టుకొస్తాయని, వానలు పడగానే సొంత మట్టితో సహా ఎత్తుకొస్తానని చెప్పాడు. తెచ్చేముందు ఆకు సగం దూసి చెట్టుకి భారం తగ్గించాలి. మానుకి తూర్పు వైపు సున్నం బొట్టు పెట్టుకుని, కొత్త చోట కూడా ఆ బొట్టు తూర్పుకే ఉండేలా నాటాలి. తన తాత చేసిందీ, తండ్రి చేసిందీ ఇదేనన్నాడు.

ఉద్యానాధికారి విశ్వంభరుడు పకపకా నవ్వాడు. ఈయన పార పట్టి ఎరగడు. మెడలో ఏడు పేటల ముత్యాలు, నెత్తిన మూరెడెత్తు జరీ తలపాగా. సున్నం బొట్టు పెట్టించుకోవడానికి చెట్టేమన్నా పెళ్లికూతురా అని అడిగి, సభ నవ్వేదాకా ఆగి, అప్పుడు అసలు మాట అన్నాడు.

"మంచి జాతిదైతే ఎప్పుడు మార్చినా, ఎక్కడ పెట్టినా పచ్చగానే ఉంటుంది మహారాజా. ఇవన్నీ ఒళ్లు వంగనివాడి సాకులు."

రాజుకి కావలసిన మాట అదే. మర్నాడే చెట్టు రావాలన్నాడు, ఒక్క ఆకు కూడా దూయడానికి వీల్లేదన్నాడు. వాడిపోయిందంటే కోనప్ప తోట విడిచి పోవాలన్నాడు.

తోట పోతే పోయింది, చెట్టు చస్తుందే అని కోనప్పకు ఏడుపొచ్చింది. తలెత్తి చూస్తే విశ్వంభరుడు ముత్యాలు సవరించుకుంటున్నాడు. ఆ ముత్యాలు చూడగానే కోనప్పకు ఏడుపు ఆగిపోయింది.

"చిత్తం మహారాజా. నేను చదువుకోనివాణ్ని, వారి పద్ధతి కళ్లారా చూసి నేర్చుకుంటాను. మంచి జాతి అంటే ఈ సభలో వారిని మించినవారు లేరు. ముందు వారిని మార్చి చూపించండి. మూడు రోజులకి పచ్చగా తిరిగొస్తే, చెట్టుని నా చేతులతో నేనే పీకి తెస్తాను."

రాజుకి వేడుకగా తోచింది. విశ్వంభరుడికి నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. తను జాతి తక్కువవాణ్నని నిండు సభలో ఎలా ఒప్పుకుంటాడు? సరేనన్నాడు. ఉన్నపళంగా, ఒంటిమీది ఒక్క నగ కూడా తీయకుండా, ఇంటి నుంచి చెంబైనా తెచ్చుకోకుండా, కొండ మీది పాత విడిదికి పల్లకీ ఎక్కించారు. మూడు రోజులూ అదే వేషం.

నాలుగోనాడు పల్లకీ సభ ముందు దిగింది. జరీ తలపాగా చెవి మీదికి జారింది, మొహం పీక్కుపోయింది, మెడంతా చెమటకాయలు. ఎలా ఉన్నారని రాజు అడిగితే, దివ్యంగా ఉన్నానన్నాడు పాపం.

"అయితే ఇంకో నెల అక్కడే ఉండండి," అన్నాడు రాజు.

దాంతో విశ్వంభరుడు కూలబడ్డాడు. ముందుగా కబురైనా చెప్పకుండా ఇలా పీకేస్తే మనిషి ఏమైపోతాడని మొత్తుకున్నాడు. ఓ నెల గడువిస్తే కొంచెం కొంచెంగా అలవాటు పడేవాణ్నన్నాడు. తన మంచం, తన పరుపు, తన పెరటి బావి నీళ్లు తోడుంటే చాలునన్నాడు. ఈ ముత్యాలు, ఈ జరీ సగమైనా ఒలిచేస్తే ఊపిరాడుతుందన్నాడు. అక్కడి మంచం గోడకి బిగించి ఉంది, పడుకుంటే తల పడమటికి వస్తోంది, పుట్టి బుద్ధెరిగాక తూర్పు తల పెట్టుకోనిదే తనకు కునుకు పట్టదన్నాడు.

రాజు వేళ్లు మడుస్తూ విన్నాడు. నాలుగో వేలు దగ్గర ఆగిపోయాడు.

"ఈ కోరికలు ఎక్కడో విన్నట్టుందే."

కోనప్ప నెమ్మదిగా ముందుకొచ్చాడు.

"చెట్టు తరఫున నేనడిగినవే మహారాజా. దానికి నోరు లేదు, వీరికి ఉంది."

ముందు రాజు నవ్వాడు. వెనక సభంతా నవ్వింది. తెర చాటున రాణిగారి నవ్వు అందరికంటే గట్టిగా వినిపించింది. రాజు తన చేతి బంగారు కడియం తీసి కోనప్ప చేతికి తొడిగి, నలభై రోజులూ ఇచ్చాడు. సున్నం బొట్టు మాత్రం తనే పెడతానన్నాడు.

మరి అంతదాకా అరుగు మీద నీడో? ఆ సంగతి రాజు మరిచిపోలేదు. పెద్ద గొడుగొకటి తెప్పించి విశ్వంభరుడి చేతికిచ్చాడు.

"మంచి జాతివారు. పొగడచెట్టు వచ్చేదాకా మధ్యాహ్నంపూట నా పక్కన మీరే నిలబడండి."