రాజుగారి నడుముకి ఆసరా

గజగిరిని ఏలే నరసభూపతికి ఒక వేసవిలో అర్జీలన్నీ తానే స్వయంగా చదవాలని బుద్ధి పుట్టింది. వెంటనే దర్బారులో ఒక రాతబల్ల, దాని వెనక చెక్క వీపున్న ఆసనం వేయించుకున్నాడు.

మొదటి అర్జీ హుషారుగా చదివాడు. రెండోదీ చదివాడు. మూడోదాని మధ్యలో నడుం పట్టేసింది. యుద్ధంలో ఈటె దిగినా కిమ్మనని మనిషి, "అమ్మో!" అన్నాడు.

దర్బారంతా విన్నది. విననట్టు పైకప్పు కేసి చూసింది.

అప్పట్నించీ రోజుకి మూడు అర్జీలే. మిగతావి బల్ల పక్కన గుట్టపడ్డాయి. వాటి అడుగున ఎక్కడో చెరువుకట్ట తెగిన ఊరివాళ్ళది కూడా ఉంది. వానలు పడేలోగా కట్ట వేయించమని వాళ్ళ మొర. ఆ గుట్ట చూస్తే రాజుకి సిగ్గేసేది. నడుం తలుచుకుంటే భయమేసేది.

ఒకరోజు ఉండబట్టలేక చాటించాడు. "నా నడుముకి సరైన ఆసరా ఎవరు తెస్తే వాళ్ళు కోరింది ఇస్తాను."

ఆస్థాన అలంకారాలన్నీ చూసే వల్లభయ్య అప్పటికే లేచి నిలబడ్డాడు. "ఆ భాగ్యం నాది, ప్రభూ!"

మూలనున్న రాయసం పేరన్న గంటం పక్కన పెట్టాడు. ఇరవై ఏళ్ళుగా కూర్చుని రాయడమే అతని పని. "ప్రభూ, ముందు నడుం కొలత..."

"ఏమయ్యా పేరన్నా, ఇది ఏలినవారి నడుం! తాటాకు కాదు కొలవడానికి," అన్నాడు వల్లభయ్య. అందరూ నవ్వారు. రాజూ నవ్వబోయాడు కానీ నడుం ఒప్పుకోలేదు.

వారం తిరిగేసరికి వల్లభయ్య హంసతూలికల దిండు నలుగురి చేత మోయించుకొచ్చాడు. రాజు ఆనుకున్నాడు. ఆనుకుంటూనే పోయాడు. కాసేపటికి సభకి కిరీటం ఒక్కటే కనిపించింది.

పైకి లాగాక రెండోది పెట్టారు. చందనం చెక్క, దాని మీద చెక్కిన ఏనుగుల బారు. నడిమి ఏనుగు దంతం సరిగ్గా రాజు వెన్నులో దిగింది.

"అలవాటు పడాలి, ప్రభూ," అన్నాడు వల్లభయ్య. "అందం కదా!"

రాజు నడుం పట్టుకుని లేచాడు. ఆ రోజు ఒక్క అర్జీ కూడా చదవలేదు. పేరన్న మాత్రం రాజుగారి చెయ్యి ఎక్కడుందో పరకాయించి చూశాడు.

"రేపు నేను తెస్తాను, ప్రభూ," అన్నాడు.

మర్నాడు పేరన్న ఉత్త చేతులతో వచ్చాడు.

"ఏదయ్యా నీ ఆసరా?" అన్నాడు రాజు, ఏనుగుల చెక్క తీసేసిన ఆసనంలో భయంభయంగా కూర్చుంటూ.

"ఆలస్యం కాదు, ప్రభూ. ఈలోగా ఒకటి రెండు అర్జీలు చూస్తారా?"

ఎలాగూ మూడు చదవాల్సిందే కదా అని రాజు అందుకున్నాడు. గొర్రెల తగాదా తీర్చాడు. గట్టు తగాదా తీర్చాడు. పేరన్న అడుగునుంచి లాగి చెరువుకట్ట అర్జీ అందించేసరికి ఆయన మొహం ముడుచుకుంది. కట్ట పనికి మనుషుల్ని ఆ పూటే పంపమని ఆజ్ఞ వేశాడు. పేరన్న ఇంకోటి అందించాడు. ఇంకోటి. గుట్ట సగానికి తగ్గింది. మధ్యాహ్నపు గంట కొట్టారు.

రాజు తలెత్తాడు. "పేరన్నా! నీ ఆసరా ఇంకా రాలేదే?"

వల్లభయ్య మీసం దువ్వాడు. "ఎక్కడ్నించి వస్తుంది, ప్రభూ? ఉంటే కదా!"

"ప్రభూ, ఈ పూట ఎన్ని అర్జీలు చూశారు?" అన్నాడు పేరన్న.

రాజు లెక్కపెట్టి తానే తెల్లబోయాడు. "పదిహేడు."

"నడుం ఎన్నిసార్లు గుర్తొచ్చింది?"

రాజు మెల్లిగా చెయ్యి వెనక్కి పోనిచ్చాడు. ఆసనం మీది పట్టుగుడ్డ కింద, మొలతాడుకి కాస్త పైన, వెన్ను లోపలికి వంగేచోట పిడికిలంత లావున ఏదో గట్టిగా తగిలింది. బయటికి లాగాడు. చుట్టగా చుట్టి దారంతో కట్టిన తన పాత నడికట్టు.

"పొద్దున్నించీ తమరు ఆనుకున్నది దాన్నే, ప్రభూ. నిన్న తమ చెయ్యి ఎక్కడికి పోయిందో అక్కడే పెట్టాను."

"పాత గుడ్డా!" వల్లభయ్య గొంతు కీచుమంది. "ఏలినవారి వెనక పాత గుడ్డా? ఆ మాట ముందే చెప్పి ఉంటే ప్రభువులు కూర్చునేవారా?"

"కూర్చోరనే చెప్పలేదు."

ముందు నవ్వింది రాజు. పొట్ట పట్టుకుని, వెనక్కి వాలి మరీ నవ్వాడు. అలా వాలినా ఎక్కడా పట్టెయ్యలేదని తెలిసి ఇంకోసారి నవ్వాడు. దర్బారు ఈసారి పైకప్పు చూడకుండా తనూ నవ్వింది.

"కోరుకో, పేరన్నా!"

"రాయసం వాళ్ళు పన్నెండుమందిమి, ప్రభూ. ఎవరి నడుముకి తగ్గ చుట్ట వాళ్ళకి ఇప్పించండి. గంటకోసారి లేచి నాలుగడుగులు నడవనివ్వండి."

"ఇచ్చాను," అని రాజు తన చేతి కంకణం తీసి అతని చేతికి తొడిగాడు. "ఆ పన్నెండు నడుములూ కొలిచేది మాత్రం వల్లభయ్య."