నీళ్ల బండమీది రాతలు

అనగా అనగా, చెట్లకే దాహం వేసే ఒక అడవి. ఆ అడవి నడుమ ఒక నల్లటి బండ. నీళ్లున్న మడుగు ఎవరి కంటపడినా, వచ్చి ఆ బండమీద సుద్దతో దాని పేరు రాసేవారు. ఎండిపోతే చెరిపేసేవారు. జీతం లేదు, బహుమానం లేదు. ఇష్టమున్నవాళ్లే చేసే పని.

వాళ్లలో గోరింక మాటకారి. అది వచ్చిందంటే బండ చుట్టూ సందడే. కోతి పెళ్లి ముచ్చట, ఎలుగుబంటి పంటినొప్పి ముచ్చట. నవ్వీ నవ్వీ అందరూ రాయడం మరిచి ఇళ్లకు పోయేవారు.

ఒకనాడు లేడి తన కూనను వెంటబెట్టుకుని వచ్చింది. చూస్తే బండ ఖాళీ. నీళ్లెక్కడో తెలియక అడవంతా తిరిగింది. దారిలో కూన సొమ్మసిల్లింది, ఎలాగో బతికి బయటపడింది.

ముళ్లపందికి ఒళ్లు మండింది. "ఇకమీదట ఇక్కడెవరూ నోరు మెదపకూడదు. రావాలి, రాయాలి, పోవాలి" అంది. గోరింక చిన్నబుచ్చుకుని చెట్టెక్కింది. నాలుగు రోజుల్లో బండ నిండా పేర్లే. ముళ్లపంది మురిసిపోయింది, పాపం.

లేడి రెండోసారి కూనతో వచ్చి, దాన్ని బండ దగ్గరే ఉంచి, మొదటి పేరు చూసి పాముల మడుగుకు నడిచింది. అక్కడ బురద తప్ప చుక్క నీరు లేదు. మడుగు ఎండిందని, అటునుంచే బండ దగ్గరికి వచ్చిన తాబేలుకు తెలుసు. కానీ ఆ పేరు రాసింది ముళ్లపంది. ఒకరి రాత మరొకరు చెరపాలంటే రాసినవారిని అడగాలి, అడగాలంటే నోరు విప్పాలి. అందుకే ఊరుకుంది.

లేడి తిరిగొచ్చేసరికి కూన బండ దగ్గరే కూలబడింది. అందరూ చూశారు. ఒక్కరూ పలకలేదు.

గోరింక చెట్టు దిగింది. "తాబేలు తాతా, నువ్వు పాముల మడుగు దిక్కునుంచేగా వచ్చావు. నీళ్లెక్కడున్నాయో చెప్పు. కట్టుబాటు సంగతి తర్వాత చూద్దాం" అంది.

ఆ దారి పక్కనే చాటుగా ఉన్న రెల్లువాగులో నీళ్లున్నాయని తాబేలు చెప్పింది. లేడి కూనను మూతితో నెట్టుకుంటూ అక్కడికి చేర్చింది. కూన తాగింది, కళ్లు తెరిచింది.

ముళ్లపంది సిగ్గుపడి తన రాత తానే చెరిపింది. మొదట బండ ఖాళీగా ఉన్నప్పటి తప్పు తనదేనని గోరింకా ఒప్పుకుంది. ఆనాటినుంచి ఎవరొచ్చినా ముందుగా తాము చూసింది రాయాలి, తర్వాత ఒకరి రాత గురించి ఒకరు అడిగి తెలుసుకోవాలి, ఆపైన ఎంతసేపైనా నవ్వుకోవచ్చు అనుకున్నారు.

మరుసటి ఎండాకాలం ఆ కూనే ఎదిగి, తడి మూతితో బండ దగ్గరికి వచ్చింది. ఒక మడుగు పేరు రాసింది. రాసి, గోరింక పక్కన చేరి, "పిన్నీ, ఇప్పుడు ఆ కోతి పెళ్లి ముచ్చట చెప్పు" అంది.

నలుగురూ ఇష్టపడి చేసే పనికి మాటలు అడ్డు రాకూడదు, అలాగని మాటలే లేకపోతే తప్పును దిద్దేవారుండరు.